ఊరు సుగ్గికి పోయాక

మా ఊళ్లో చలికాలం మొదలైందని తాళాలను చూసి తెలుసుకోవాలి. దీపావళి దాటిందంటే వీధిలో ఒక్కో తలుపుకు తాళం పడుతుంది. తాళం మీద నమ్మకం చాలనివాళ్లు తలుపుకు అడ్డంగా తుమ్మకంప కూడా లాగి పోతారు. గుంటూరు వైపు మిరపకాయల కోతకు, పత్తి తీయడానికి పిల్లలతో, గిన్నెలతో, కోళ్లతో సహా బయల్దేరి పోవడాన్ని మా వైపు సుగ్గికి పోవడం అంటారు. పోయినవాళ్లు ఉగాదికి గాని తిరిగి రారు. అంతవరకు ఊళ్లో మిగిలేది కదలలేని ముసలివాళ్లు, బోరులో నీళ్లున్న కొద్దిమంది రైతులు, కుక్కలు, నేను.

కుక్కల తర్వాత నన్ను చెప్పుకున్నది వినయం కొద్దీ కాదు. అవి వీధిలో ఎదురుపడితే ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి.

నేను ఈ ఊళ్లో పుట్టినదాన్ని కాను. పుట్టింది ఆదోనిలో. నాన్న పత్తి మండీలో గుమాస్తా. మా ఆయనకు ఆదోనిలోనే ఫోటో స్టూడియో ఉండేది. ఆయన ఫోటోలు తీస్తే నేను కత్తిరించి, అతికించి, ఆల్బమ్‌లు కుట్టేదాన్ని. ఒకే ముహూర్తానికి రెండు పెళ్లిళ్లు ఒప్పుకున్నప్పుడు రెండో పెళ్లికి కెమెరా మెడలో వేసుకుని నేనే పోయేదాన్ని. గడ్డం కొంచెం దించు, కళ్లు ఆర్పకు అని ఆదోనిలో సగం మందికి చెప్పిన నోరు నాది. అందరి చేతుల్లోకి ఫోన్లు వచ్చాక స్టూడియో మూతపడింది. తర్వాత ఆయనా పోయాడు. పిల్లలు లేరు. ఒక్కదాని కోసం టౌనులో అద్దె కట్టడం ఎందుకని, ఎమ్మిగనూరు రోడ్డు దిగి లోపలికి వస్తే ఉండే ఈ ఊరికి, ఆయన వాటాకు వచ్చిన రెండు గదుల మట్టిమిద్దెకు వచ్చేశాను. ఊరికి ఇదే చివరి ఇల్లు. పెరటి గోడ దాటితే నల్లరేగడి చేలు, కంటి చూపు అలిసిపోయేదాకా అవే.

నాతో పాటు వచ్చింది కెమెరా ఒకటి. దానికి తోడు, ఎమ్మిగనూరులో ఎవరో మోజు తీరి అమ్మేస్తుంటే కొన్న పొడుగు లెన్సు. కొనేటప్పుడు ఎందుకు కొంటున్నానో నాకే తెలియదు.

మొదటి చలికాలంలోనే తెలిసింది. మనుషులు వెళ్లిపోయిన ఊళ్లోకి మిగతావి వచ్చేస్తాయి. పొద్దున లేచి చూస్తే ఎదురింటి మిద్దె మీద నెమళ్లు పిట్టగోడ వెంట వరసగా నడుస్తుండేవి. తాళం వేసిన ఇళ్ల ముందు ముంగిసలు తిరిగేవి. మా పక్కింటి అరుగు మీద ఒక గుంటనక్క, బూడిదరంగు ఒళ్లు, తోక చివర నలుపు, ఎండ పొడ పడే చోటు చూసుకుని ముడుచుకుని పడుకునేది. కొంచెం దూరంలో, చేలలో, కృష్ణజింకలు. నేను కిటికీలోంచి తీశాను, మిద్దె ఎక్కి తీశాను, పెరటి గోడకు ఆనుకుని తీశాను. అడవి జంతువుల మీద ప్రేమతో తీశానని చెప్పుకుంటే బాగుంటుంది గాని అది నిజం కాదు. మనిషి మొహం కనపడక తీశాను. రెండు కళ్లు, ఒక ముక్కు ఉండి, నా వైపు చూసేది ఏదైనా చాలనిపించేది.

పక్కిల్లు అన్నాను కదా, అందులో ఉండేది ఆలూమగలు, వాళ్ల పిల్లలు. అతను మా ఆయనకు వరసకు తమ్ముడు, నన్ను వదినా అంటాడు. ఆమె అక్కా అంటుంది. ఆమె ఊళ్లో ఉన్నన్నాళ్లు నాకు రేడియో అక్కర్లేదు. తెల్లవారింది మొదలు కోళ్లను తిడుతుంది, మొగుణ్ని తిడుతుంది, ఇద్దరూ పలక్కపోతే గోడ మీదుగా నన్ను పిలిచి వాళ్లిద్దరి మీదా చాడీలు చెబుతుంది. రొట్టెలు చేస్తే ఒక రొట్టె, పుండికూర వండితే ఒక గిన్నె గోడ దాటి వస్తాయి. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వడానికి పోతే కూర్చోమంటుంది. కూర్చుంటే పొద్దు పోతుంది. వాళ్లు సుగ్గికి పోయిన రోజు నుంచి ఆ గోడ అవతల ఏమీ ఉండదు. ఆ ఏమీ లేకపోవడం గోడకు ఇవతలికి కూడా వచ్చి కూర్చునేది.

మొదటి ఏడు వాళ్లు తిరిగి వచ్చాక అరుగు మీద నక్క ఫోటో చూపించాను. ఆమె కెమెరా తెర మీదికి వంగి చాలాసేపు చూసింది.

“నా అరుగు మీద నాకంటే దర్జాగా పండుకోనుంది సూడు. దీన్ని బాడుగ అడుగుదామా అక్కా?”

“నక్క తోక తొక్కినట్టే పో,” అన్నాడు అతను వెనక నుంచి. “మన దశ తిరుగుతాది ఈ ఏడు.”

“తోక తొక్కల్లంటే ఇంట్లో ఉండల్ల గదా. నేను యాడుంటి? మిరప చేన్లో ఉంటి,” అంది ఆమె.

అతని మాటే నిజమయ్యేటట్టు ఆ ఏడు వాన కాలానికి పడింది. మా పెరటి గోడ అవతల ఉన్న చేను వాళ్లదే. అందులో పప్పుశనగ వేశారు. నల్లరేగడిలో పప్పుశనగకు పై నీళ్లు అక్కర్లేదు. నేలలో దాగిన తడి, రాత్రి కురిసే మంచు చాలు. అక్కర్లేనివి జింకలు. లేత కొనలంటే వాటికి ప్రాణం. ఒక్క మంద ఒక్క పొద్దున దిగితే చేను మంగలి చేయి పడినట్టు అయిపోతుంది. అందుకని ఎవరి చేనుకు వాళ్లు పాత చీరలు చుట్టూ కడతారు. ఆ చీరలను చూసి జింకలు మొదట్లో భయపడేవట. ఇప్పుడు వాటి కొంగుల కిందుగా దూరి వస్తున్నాయి.

పంట నేలలో ఉంది, సుగ్గికి పోయే లారీ వచ్చే రోజు దగ్గర పడింది. ఒకనాటి పొద్దున ఆమె గోడ దగ్గరికి కాకుండా వాకిట్లోకే వచ్చి కూర్చుంది. చేతిలో సొట్టలు పడిన స్టీలు పళ్లెం ఒకటి, వేపకర్ర ఒకటి ఉన్నాయి.

“చేను నీకు అప్పజెప్పి పోతాండాం అక్కా.”

“నాకా? నాకు సేద్యం ఏం తెలుసు?”

“సేద్యం ఏముంది దాంట్లో. మంచుకే పండుతాది. జింకల్ని తోలడమే పని. నువ్వెట్లా పొద్దున్నే లేసి కెమెరా పట్టుకోని వాటికోసమే కూసుంటావు. ఆ కూసునేదేదో మా మంచె మీద కూసో. బొమ్మ తీసుకో, తోలు. బొమ్మ తీసుకో, తోలు.”

చేపలు పట్టేవాణ్ని గట్టున కూర్చోబెట్టి చేపల్ని తోలమన్నట్టుంది అన్నాను. ఆమె నవ్వలేదు.

“ఈ పంట ఇంటికొస్తే వచ్చే ఏడు పోములే అక్కా. ఈడనే ఉంటాం. ఆ మిరపకాయల ఘాటు నాకు పడదు. చేతులు సూడు.”

చూశాను. ఉగాది నుంచి మానుతూ ఉన్నా వేళ్ల చివర్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. కానీ నేను ఒప్పుకున్నది ఆ చేతుల కోసమని చెప్పలేను. వచ్చే ఏడు పోము, ఈడనే ఉంటాం అన్న మాట కోసం ఒప్పుకున్నాను. ఒక చలికాలం పొడుగునా ఆ గోడ అవతల కోళ్లు తిట్లు తింటూ ఉంటాయన్న ఆశ కోసం ఒప్పుకున్నాను.

సాయంత్రం అతను వచ్చి మంచె ఎక్కడం చూపించాడు. నాలుగు గుంజల మీద కట్టిన చిన్న మంచె, మా పెరటి గోడకు కేకవేటు దూరం.

“పళ్లెం ఊరికే కొట్టొద్దు వదినా. రోజూ కొడితే అదీ పెండ్లి మేళం అనుకుంటాయి. గొంతెత్తి అరవల్ల. మనిసి గొంతు అంటే వాటికి బయం.”

మా ఊళ్లో అంగడి పెట్టుకున్న ముసలాయన ఒకడు ఏ కాలంలోనూ ఎక్కడికీ పోడు. సంగతి తెలిసి నన్ను చూసి బోసినోటితో నవ్వాడు. “కంచే చేను మేస్తాదని వింటాము. సూసుకో తల్లీ,” అన్నాడు. ఆయనకు నేను జింకల పార్టీ అని ముందే అనుమానం.

లారీ వచ్చిన పొద్దున బాగా మంచు. మూటలు, బిందెలు, ఒక మేక, పిల్లలు ఎక్కారు. అందరి మీదుగా ఆమె తల బయటికి పెట్టింది.

“అక్కా, ఎట్ల అరుస్తావో ఒకసారి అరువు సూద్దాం.”

లారీలో ఉన్నవాళ్లంతా నా వైపు తిరిగారు. నాకు సిగ్గేసింది. నవ్వి ఊరుకున్నాను. లారీ కదిలి రోడ్డెక్కింది. తర్వాత నేను పెరట్లోకి పోయి గోడ అవతలికి చూశాను. ఎవరూ ఉండరని తెలిసి కూడా చూశాను.

కొన్ని రోజుల వరకు జింకలు రాలేదు. చీకటి విడకముందే శాలువా కప్పుకుని, కెమెరా, పళ్లెం పట్టుకుని మంచె ఎక్కేదాన్ని. చేనుకు అడ్డం పడి పోతే చీర కుచ్చెళ్లన్నీ మంచుకు తడిసేవి. పప్పుశనగ ఆకు మీది మంచు పుల్లగా ఉంటుంది, ఆ పులుపుకు కాళ్లు దురద పెట్టేవి. దూరంగా ఆదోని వైపు రైలు కూత వినిపించేది. పొద్దు పైకి వచ్చాక దిగి ఇంటికి వచ్చి టీ పెట్టుకునేదాన్ని. అంతే నా ఉద్యోగం.

తర్వాత ఒక పొద్దున వచ్చాయి. ముందు చీరలు కదిలాయి. ఎర్రంచు చీర కింది నుంచి ఒక ఆడజింక తల వంచి లోపలికి వచ్చింది, దాని వెనక ఇంకొన్ని. నేను కెమెరా ఎత్తలేదు, ఉద్యోగం గుర్తుంది. అరవడానికి నోరు తెరిచాను.

గొంతు రాలేదు.

గాలి మాత్రం వచ్చింది. మళ్లీ ప్రయత్నించాను. పిల్లికూనను తొక్కినట్టు ఏదో చిన్న చప్పుడు. ముందున్న జింక తలెత్తి నన్ను చూసి, నాతో పనేమీ లేదన్నట్టు మళ్లీ తల వంచి కొన తుంచింది. అప్పుడు వెనక్కి ఆలోచించాను, నేను చివరిసారి ఎవరితో మాట్లాడానా అని. నిన్న అంగడికి పోయాను, ముసలాయనకు చెవుడు, అగ్గిపెట్టె వైపు వేలు చూపించి తెచ్చుకున్నాను. మొన్న ఎవరూ కనపడలేదు. అటు మొన్న కూడా. లారీ పోయినప్పటి నుంచి నేను నోరు తెరిచి ఒక్క మాట కూడా అనలేదు. అనలేదని నాకే తెలియలేదు.

పళ్లెం మీద కర్రతో బాదాను. ఆ మోత మీద ఎక్కి గొంతు ఎట్లాగో బయటపడింది. ఏం అరిచానో తెలియదు, మాట కాదు. జింకలు ఒక్కసారిగా గాల్లోకి లేచాయి. అవి పరుగెత్తేటప్పుడు నేల మీద ఉండవు, చీరల పైనుంచి ఒకదాని వెనక ఒకటి ఎగిరిపోయాయి. నా జీవితంలో అంత దగ్గర నుంచి అంత మంచి దృశ్యం మళ్లీ చూడలేదు, కెమెరా ఒళ్లోనే ఉంది. అవి పోయాక నాకు ఏడుపు వచ్చింది. ఫోటో పోయిందని కాదు. ఇంట్లో జారిపడి ఒకరిని పిలవాల్సి వస్తే ఈ గొంతేనా పిలిచేది అనుకున్నాను. పిలిస్తే మాత్రం వినేదెవరు అని కూడా అనుకున్నాను.

ఆ రోజు నుంచి ఇంట్లో సాధన మొదలుపెట్టాను. పొయ్యి దగ్గర అరిచాను, గోడకు ఎదురుగా నిలబడి అరిచాను. మెల్లగా అరుపుకు ఒక తీరు వచ్చింది, హోయ్ అని మొదలై చివర్న పైకి లేస్తుంది. దాని వెంట మాటలు కూడా వచ్చాయి. ఏం, మీ అత్తగారిల్లా ఇది? మీ తాత విత్తినాడా? మొన్నే గదా చెప్పాను, మానం లేదా? ఇవన్నీ ఆమె కోళ్లను తిట్టే తిట్లే. నాకు సొంతంగా తిట్లు లేవని అప్పుడే తెలిసింది. ఆదోనిలో పెళ్లిళ్లలో నేను మాట్లాడిందంతా గడ్డం దించు, కళ్లు ఆర్పకు, కొంచెం నవ్వు. వాటితో జింకల్ని తోలలేం.

గుంటూరు నుంచి ఆమె ఫోన్ చేసేది. చేను ఎట్లుందని అడిగితే బాగుందన్న మాటతో ఒప్పుకునేది కాదు, బొమ్మ పెట్టమనేది. అందుకని వారానికొకసారి మంచె మీద నుంచి చేను ఫోటో తీసి ఆమె ఫోనుకు పంపేదాన్ని. స్టూడియో నడిపినదాన్ని కదా, ప్రతిసారీ ఒకే చోటు, ఒకే ఎత్తు, ఒకే మూల కనపడేటట్టు తీసేదాన్ని. మొక్క ఎంత లేచిందో ఆమెకు కొలిచినట్టు తెలిసేది. ఒకసారి పంపిన నిమిషానికే ఫోన్ మోగింది.

“అక్కా, ఆ మూలకుండేది ఏంది?”

తెర పెద్దది చేసి చూసుకుంటే నిజమే, దూరంగా గట్టు మీద బియ్యపుగింజంత జింక.

“అది గట్టు మీద ఉంది లేవే, చేనులో లేదు.”

“గట్టు మీదికి ఎందుకొచ్చింది? గట్టు సూడ్డానికొచ్చిందా?”

తర్వాత నుంచి ఫోటో తీసేముందు ఒకసారి అరిచి తీసేదాన్ని.

పుష్యం వచ్చేటప్పటికి పంట పూతకు వచ్చింది. గులాబిరంగు పూలు, చిన్నవి, దగ్గరికి పోయి చూస్తే గాని కనపడవు. అప్పటికి జింకలు నన్ను నేర్చేసుకున్నాయి. నేను మంచె ఎక్కుతుంటేనే గట్టు దాటి అవతలికి పోయేవి. ఊళ్లో నెమళ్లు కూడా మా వైపు మిద్దెల మీదికి రావడం మానాయి. పక్కింటి అరుగు మీది నక్క ఎటు పోయిందో పోయింది. పళ్లెం మోత, నా కేకలు దానికెందుకు? అంతకు ముందు చలికాలంలో నాకు తోడున్నవాటిని ఈ చలికాలంలో నేనే ఒక్కొక్కటిగా తరిమేశాను. వచ్చే ఏటి తోడు కోసం ఈ ఏటి తోడును ఇచ్చేసుకున్నానని తెలుస్తూనే ఉంది. తెలిసినంత మాత్రాన పొద్దు పోదు. సాయంత్రాలు పాత ఫోటోలు తెర మీద పెట్టుకుని ఆ నక్క మొహం చూస్తూ అన్నం తినేదాన్ని.

ఆ నెలలోనే ఒక పొద్దున మంచె మీద కునుకు పట్టింది. కళ్లు తెరిచేసరికి మంచులో, చీరలకు ఇవతల, చేను అంచున ఒక మగజింక నిలబడి ఉంది. వీపంతా నలుపు, కడుపు తెలుపు, మెలితిరిగిన కొమ్ములు. దాని వెనక మంద మొత్తం. అది నన్ను చూడలేదు, చూసినా గుంజల్లో ఒక గుంజ అనుకుంది. కెమెరా మెల్లగా కంటి దగ్గరికి తెచ్చాను. నేను ఎన్నో ఏళ్లు పెళ్లికూతుళ్లను నిలబెట్టి సరిచేసిన మెడను అది ఎవరూ చెప్పకుండానే అట్లా పెట్టింది.

వెలుతురు చాలలేదు. తూర్పున గట్టు మీదికి పొద్దు ఇంకా రాలేదు. ఇప్పుడు నొక్కితే బూడిదరంగు తప్ప ఏమీ పడదు. కొంచెంసేపు ఆగితే ఎండ పక్క నుంచి వచ్చి ఆ నలుపు మీద, ముఖం చుట్టూ ఉన్న తెలుపు మీద పడుతుంది, పూల మీది మంచు అంతా మెరుస్తుంది. అట్లాంటి ఫోటో ఒక్కటి తీస్తే ఆ లెన్సు కొన్నందుకు, ఈ ఊరికి వచ్చినందుకు కూడా ఒక కారణం దొరుకుతుంది. ఆ కొంచెంసేపట్లో మంద లోపలికి వస్తుంది. పూతలో ఉన్న చేను ఒక మూల పోతుంది. ఒక మూలే కదా అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

మగజింక తల వంచింది. లెన్సులో దాని పెదాలు కనపడ్డాయి, వాటి మధ్య పూతతో ఉన్న రెమ్మ. ఆ రెమ్మ తెగిన చప్పుడు నాకు వినపడదు, అయినా విన్నట్టయింది. ఒక మూల పోతే, ఆమె గోడ మీదుగా చూసి, అక్కా ఇంతేలే, వచ్చే ఏడు కూడా పోవల్ల అంటుంది. ఆ మాట నా చెవిలో ఎంత స్పష్టంగా పలికిందంటే, కెమెరా దించేసి లేచి నిలబడి అరిచాను. గొంతు ఈసారి మొదటి పిలుపుకే వచ్చింది. మంద మంచులోకి దూకి మాయమైంది. పొద్దు గట్టు మీదికి వచ్చి ఖాళీ చేను మీద చక్కగా పడింది. చేను ఫోటో తీసి ఆమెకు పంపాను.

మాఘంలో కోతకు అతనొక్కడే వచ్చాడు, ఇంకో ఊరి నుంచి బంధువులను తోడు తెచ్చుకుని. ఆ కొద్దిరోజులు వాళ్లకు జొన్నరొట్టెలు నేనే కాల్చాను. చేను నాలుగు మూలలా తిరిగి వచ్చి, చేతులు కడుక్కుంటూ అన్నాడు:

“ఒక్క సాలు కూడా పోలేదు వదినా. ఊళ్లో ఇట్లాంటి చేను ఇంకోటి లేదు.”

పెళ్లి ఆల్బమ్‌లు చూసి జనం మెచ్చుకున్నప్పుడు కూడా నాకు అంత సంతోషం కలగలేదు. అతను తిరిగి గుంటూరు బస్సెక్కాడు. ఉగాదికి అందరూ వచ్చారు. గోడ అవతల కోళ్లకు తిట్లు మొదలయ్యాయి. ఎండాకాలం, వానాకాలం నాకు ఇట్టే గడిచిపోయాయి. ఆ కాలాల గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు, సుఖంగా ఉన్నానంతే.

మళ్లీ పప్పుశనగ విత్తారు. ఈసారి దీపావళి దాటాక నేను వీధిలో తాళాలు చూస్తూ నడిచాను గాని దిగులు పడలేదు. మాట ఇచ్చిన ఇల్లు కదా. చలికాలానికని జొన్నలు ఎప్పటికంటే ఎక్కువ తెచ్చి పెట్టుకున్నాను, ఇద్దరం కలిసి రొట్టెలు కాల్చుకుందామని. ఆమె మాత్రం ఆ సంగతి ఎత్తలేదు, నేను అడగలేదు. అడిగితే చెడుతుందేమోనని భయం.

ఒక మధ్యాహ్నం వాకిట్లోకి వచ్చి కూర్చుంది. కొంగు కింద నుంచి ఒక పళ్లెం తీసి నా ముందు పెట్టింది. కొత్తది, తళతళలాడుతోంది, అంగడి చీటీ కూడా ఇంకా ఊడలేదు.

“పాతది సొట్టలు పడి మోగడంలేదు గదా. ఎమ్మిగనూరు సంతలో తెచ్చినా. మోగించి సూడు ఎట్ల మోగుతాదో.”

నేను పళ్లెం మీది చీటీ అంచును గోటితో గీకాను.

“పోనంటివి కదే.”

“అనుకుంటి అక్కా. కానీ నిరుడు సూస్తిమి గదా. చేను ఈడ పండుతాంది, మేము ఆడ కోస్తాంటిమి. రెండు పక్కలా వచ్చె. ఇంతకు ముందు పోతే సగం పానం ఈడనే కొట్టుకుంటాండె. ఇప్పుడు నువ్వుండావు, మాకేం బయం?” ఆమె నా మోకాలి మీద చేయి వేసింది. “పక్క చేనోళ్లు కూడా అడుగుతాండారు, అక్క మా చేను కూడా సూస్తాదా అని. వాళ్లూ మొన్నటిదాకా ఆగిపోదాం అనుకున్నోళ్లే.”

ఆమె సంతోషంగా చెప్పింది. నిజంగా నన్ను మెచ్చుకోవడానికే వచ్చింది. నేను అంత బాగా కాపలా కాయకపోతే వాళ్లు ఆగేవాళ్లేమో. ఆ మాట ఎవరితో అనను? సూస్తానులే, పక్క చేను కూడా సూస్తాను అన్నాను. నా నోట్లోంచి సూస్తాను అనే వచ్చింది.

లారీ పోయింది. ఈసారి అరిచి చూపించమని ఆమె అడగలేదు. అడిగితే అరిచి ఉండేదాన్ని, నాకు ఇప్పుడు సిగ్గు లేదు.

మొన్న ఒక పొద్దున మంచె మీద ఉండగా ఫోన్ మోగింది. అవతల చాలామంది గొంతులు. మిరప చేనులో పనికి దిగే ముందు సద్ది తింటున్నారట, మా ఊరివాళ్లంతా ఒక్కచోట.

“అక్కా, నీ కేక గురించి సెప్తే వీళ్లు నమ్మడంలేదు. స్పీకర్ పెట్టినా. ఒకసారి అరువు.”

నిలబడి అరిచాను. హోయ్ అని మొదలుపెట్టి, చివర్న పైకి లేపి, ఊపిరి ఉన్నంతసేపు. అవతల అందరూ ఒక్కసారిగా నవ్వారు, ఎవరో చప్పట్లు కొట్టారు. ఆమె నవ్వు అన్నింటిలోనూ వేరుగా వినిపించింది. మేస్త్రీ వచ్చినాడు, పెట్టేస్తాండా అంది. ఫోన్ ఆగిపోయింది.

తలెత్తి చూస్తే గట్టు అవతల జింకలు తలలెత్తి నా వైపే చూస్తున్నాయి. వాటిలో ఆ నల్లది కూడా ఉంది. నా కేకకు కొంచెం వెనక్కి తగ్గి, అన్నీ ఒక్క తీరున, కదలకుండా నిలబడి ఉన్నాయి. నేను మెల్లగా కూర్చున్నాను. పళ్లెం పక్కన పెట్టి, మామూలు గొంతుతో, పక్కింటివాళ్లను పిలిచినట్టు, ఏం కాదులే రాండి అన్నాను.

గొంతు గుర్తుపట్టి పారిపోయాయి.